అత్తయ్య ముఖం

మా లాండ్రీలో మరకల డిపార్టుమెంటు యజమానిది, మాటల డిపార్టుమెంటు నాది, ముడతల డిపార్టుమెంటు పిన్నిది. నేను కౌంటర్లో కూర్చుంటాను. బట్టలు తీసుకుని చీటీ ఇవ్వడం, "నిన్ననే ఇస్తానన్నారుగా" అని మీదికొచ్చేవాళ్ళకి సర్దిచెప్పడం నా పని. నా వెనక అద్దాల తలుపు, తలుపు వెనక వేడి. ఆ వేడిలో పొడవాటి బల్ల ముందు నిలబడి పిన్ని ఇస్త్రీ చేస్తుంది. ఆవిడ అసలు ఎవరికి పిన్నో నాకు తెలియదు. నేను చేరేనాటికే అందరికీ పిన్ని. మా యజమాని ఆవిడకంటే పెద్దవాడు, ఆయనక్కూడా పిన్నే.

ఆవిడ పని చూస్తుంటే నిద్రొస్తుంది, అంత నిదానం. చొక్కా అయితే ముందు కాలరు, తర్వాత భుజాలు, ఆ తర్వాత చేతులు, చివరికి ఒళ్ళు. నీళ్ళు చిలకరించి, ఎడమచేత్తో సాగదీసి పట్టుకుని, కుడిచేత్తో పెట్టె నడిపిస్తుంది. ఇన్నేళ్ళ వేడికి వేళ్ళ కొసలు మొద్దుబారిపోయాయి. పెట్టె కాగిందో లేదోనని వేలితో తాకి చూస్తుంది. "ఏమో, తెలియట్లేదు" అని మళ్ళీ నీళ్ళచుక్క వేసి చూస్తుంది. అలాంటప్పుడు వేలు పెట్టడం ఎందుకని నేనొకసారి అడిగాను. అలవాటంది.

"ముడత తడి మీదుండగానే తియ్యాలమ్మాయ్. ఎండిపోయాక కాళ్ళు పట్టుకున్నా పోదు," అనేది. బట్టల సంగతే చెప్పేది. వేదాంతం చెప్పే మనిషి కాదు. మాట కూడా ఇస్త్రీ చేసినట్టే ఉంటుంది ఆవిడది, ఎత్తుపల్లాలు ఉండవు. జీతం పెరిగినా అదే గొంతు, చెయ్యి కాలినా అదే గొంతు.

ఒకరోజు మధ్యాహ్నం టిఫిన్ డబ్బాలు తెరుచుకుని కూర్చున్నప్పుడు అంది: "అమ్మాయ్, నీ ఫోన్లో అన్నీ వస్తాయి కదా. ముఖం మీద ముడతలు పోవాలంటే ఇంట్లో ఏం చేసుకోవాలో చూసిపెట్టు."

నాకు నవ్వాగలేదు. "ఏంటి పిన్నీ, ఈ వయసులో పెళ్ళిచూపులా?"

"మీ బాబాయి నన్ను అత్తయ్యా అంటున్నారు," అంది, ముద్ద నములుతూ.

పిన్ని మొగుడు సిటీ బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. గట్టి గొంతు, గలగలా మాటలు. నన్ను బస్సెక్కించుకున్న రోజుల్లో చిల్లర బదులు జోకులిచ్చేవాడు. కొంతకాలంగా ఆయనకి మతిమరుపు పట్టుకుంది. మనమందరం అనుకునే మతిమరుపు కాదు, డాక్టర్లు పెద్ద పేరేదో చెప్పే రకం. ముందు తాళంచెవులు మరిచిపోయాడు, తర్వాత వీధి, ఆ తర్వాత తను రిటైరైన సంగతి. వంటింటి గుమ్మంలో నిలబడి "ముందుకు జరగండి, లోపల ఖాళీ ఉంది" అనేవాడట. ఆ వంటింట్లో ఇద్దరు నిలబడితే మూడోవాడు ఊపిరి బిగబట్టాలి. అయినా పిన్ని ఒక అడుగు ముందుకు జరిగేది. జరక్కపోతే ఆయన ఊరుకునేవాడు కాదు.

ఈ జబ్బులో నిన్నటిది ముందు పోతుందట, మొన్నటిది తర్వాత. అలా వెనక్కి వెనక్కి నడుస్తూ ఆయన తన పెళ్ళయిన కొత్త రోజుల్లోకి వెళ్ళి కూర్చున్నాడు. ఆయన లెక్కలో ఆయన కుర్రాడు, పెళ్ళాం పడుచుపిల్ల. మరి ఇంట్లో తిరుగుతున్న ఈ నెరిసిన జుట్టు, ఈ ముడతల ముఖం ఎవరిది? పిన్నిది అచ్చు గుద్దినట్టు వాళ్ళమ్మ పోలిక. కాబట్టి అత్తగారు వచ్చిందని తేల్చుకున్నాడు. ఆ లెక్కలో తప్పు పట్టడానికి నాకేం కనబడలేదు.

ఆ అత్తగారు పోయి ఎన్నో ఏళ్ళయింది. బతికున్నన్నాళ్ళూ ఆవిడంటే ఆయనకి హడల్. బస్సులో పులి, అత్తగారి ముందు పిల్లి. ఆవిడ వస్తే చేతిలో సిగరెట్టు వెనక్కి దాచేవాడట. ఇప్పుడు సిగరెట్లు లేవు. పిన్ని గదిలోకి వస్తే చటుక్కున లేచి నిలబడి, చేతిలో ఏముంటే అది వెనక్కి దాస్తాడు, బిస్కెట్ అయినా సరే. "రండత్తయ్యా, కూర్చోండి," అంటాడు. బతుకంతా పిన్ని ఆయన్ని మీరు అంది, ఆయన పిన్నిని ఏమే అన్నాడు. ఇప్పుడు ఆయన కూడా మీరు అంటున్నాడు.

"పోన్లే పిన్నీ, ఇన్నాళ్ళకి గౌరవం దక్కింది," అన్నాడు మా యజమాని. ఈయనకి ఎక్కడ నవ్వాలో ఎప్పుడూ తెలియదు.

"గౌరవం ఏం చేసుకోను? స్నానం చేయించనివ్వట్లేదు," అంది పిన్ని.

విషయం అదీ. అత్తగారి ముందు చొక్కా విప్పే అల్లుడు ఎక్కడుంటాడు? ఒంటి మీద చెయ్యి వేస్తే సిగ్గుతో ముడుచుకుపోయి గోడకి అంటుకుపోతున్నాడు. అత్తగారున్న గదిలో మంచమెక్కకూడదని ముందుగదిలో కుర్చీలోనే తెల్లవార్లూ కునికిపాట్లు పడుతున్నాడు. దీపం ఆర్పేద్దామంటే చీకటికి భయపడి కేకలు పెడతాడు. గొంతు విని అయినా గుర్తుపడతాడేమోనని పిన్ని "నేనేనండీ" అని ఎన్నిసార్లు చెప్పినా లాభం లేదు. కంటికి కనబడేదానికీ చెవికి వినబడేదానికీ పోటీ వస్తే కళ్ళే గెలుస్తున్నాయి. కూర్చుని కూర్చుని తుంటి దగ్గర చర్మం ఒరుసుకుపోయి పుండు పడింది. రోజూ కడిగి, ఆరబెట్టి మందు రాయకపోతే లోపలికంటా పోతుందని ఆస్పత్రి నర్సు హెచ్చరించింది. ఒక మగమనిషిని సాయానికి పెట్టి చూశారు. "టికెట్ లేకుండా ఎక్కావా? దిగు ముందు," అని ఆయన వాణ్ణి మెట్లదాకా తోసుకుపోయాడు. వాడు మళ్ళీ రాలేదు.

పిన్నికి పిల్లల్లేరు. ఉన్నదల్లా ఒక మరిది, లిఫ్టులు రిపేరు చేస్తాడు. చెడ్డవాడు కాదు, వదినంటే గౌరవమే. "వదినా, మీరు పనికి పోతారు, అన్నయ్యేమో కంపు కొడుతూ కూర్చుంటాడు. హోంలో పెడదాం. అక్కడ మగవాళ్ళుంటారు, పట్టుకుని స్నానం చేయిస్తారు. నెలాఖరుకి మంచం ఖాళీ అవుతుందన్నారు," అన్నాడు. ఆ హోం పిన్ని ఒకసారి చూసొచ్చింది. గోడవారగా వరసగా కుర్చీలు, కుర్చీల్లో మనుషులు, అందరి చూపూ ఒకే టీవీ మీద. ఎవరి చొక్కాకీ ఇస్త్రీ లేదని ఒక్కటే చెప్పింది నాకు.

నెలాఖరులోగా ఆయన తనని పెళ్ళాంగా గుర్తుపడితే ఇంట్లో ఉంటాడు, లేకపోతే లేదు. అందుకని ముడతలు పోవాలి. ఇందులో సోకు లేదు.

అప్పుడిక నాకు నవ్వు రాలేదు. ఫోన్ తీశాను.

ఫోన్ సంగతి మీకు తెలిసిందే, అరచేతిలో వైకుంఠం. పాతికేళ్ళు దాటనివాళ్ళు నున్నటి బుగ్గలు చూపిస్తూ వారంలో ముసలితనం మాయం చేస్తామంటున్నారు. నాకు ఒళ్ళు మండింది గానీ, మునిగేవాడు గడ్డిపోచనైనా వదలడు కదా. ఒకామె నిమ్మరసంలో సోడా కలిపి పూసుకోమంది. పిన్ని పూసుకుంది. మర్నాడు బుగ్గలు ఎర్రగా కమిలిపోయి వచ్చింది. అసలే ఆవిరిలో నిలబడే మనిషి, గోరుచుట్టు మీద రోకలిపోటు. ఇంకొకామె నోట్లో గాలి నింపుకుని బుగ్గలు ఉబ్బించి వదలమంది, అలా చేస్తే చర్మం బిగుస్తుందట. పిన్ని ఇస్త్రీ చేస్తూ బుగ్గలు ఉబ్బిస్తుంటే, బట్టల కోసం వచ్చిన ఒకాయన అద్దంలోంచి చూసి ఆవిడకి ఫిట్స్ వస్తున్నట్టున్నాయని నాతో రహస్యంగా చెప్పాడు. మా యజమాని ఊరుకుంటాడా? "ఎందుకీ తిప్పలు? పెట్టెతో ఒక్క రుద్దు రుద్దుకుంటే పోలా," అన్నాడు. కందకి లేని దురద కత్తిపీటకెందుకని నేను మొహం మీదే అనేశాను. ఆ రోజంతా ఆయన నాతో మాట్లాడలేదు, ప్రాణానికి హాయిగా ఉంది.

చివరికి మందుల షాపులో అమ్మాయి దగ్గరికి తీసుకెళ్ళాను. ఆ పిల్ల మంచిది, అమ్మాలని చూడలేదు. పిన్ని ముఖాన్ని వెలుతురుకి తిప్పి చూసి, నిమ్మకాయలు వంటింట్లోనే ఉంచమంది.

"ఆంటీ, ఉన్నవాటిని పూర్తిగా తుడిచేసే మందు ఎవరి దగ్గరా లేదు. కొత్తవి రాకుండా చూసుకోవచ్చు, ఉన్నవి కాస్త తగ్గించుకోవచ్చు. అన్నిటికంటే పెద్ద శత్రువు ఎండ. బయటికెళ్ళే ముందు ఎండ క్రీము రాసుకోండి, మబ్బు పట్టినా సరే. ముఖం కడుక్కున్నాక పూర్తిగా తుడవకుండా, ఇంకా తడిగా ఉన్నప్పుడే తేమ పట్టి ఉంచే క్రీము రాయండి."

"తడి మీదుండగానే," అంది పిన్ని.

"అవునాంటీ. ఇదిగో ఇది పడుకునే ముందు రాసే క్రీము. శనగగింజంత, అదీ రోజు విడిచి రోజు. ఎక్కువ రాస్తే చర్మం ఊడుతుంది. ఓపికగా రాస్తే సన్నగీతలు తగ్గుతాయి. నాలుగైదు నెలలు పడుతుంది."

"నాకు నెలాఖరు దాకానే ఉంది," అంది పిన్ని.

ఆ పిల్లకి అర్థం కాలేదు. నేను చెప్పలేదు.

పిన్ని అన్నీ పాటించింది. చొక్కా మడతపెట్టినంత శ్రద్ధగా పాటించింది. పనికి వచ్చేటప్పుడు టోపీ, బల్ల దగ్గర ఆవిరి ముఖానికి కొట్టకుండా కళ్ళ దాకా పాత తువ్వాలు. బోర్లా పడుకుంటే దిండుకి నొక్కుకుని గీతలు పడతాయంటే వెల్లకిలా పడుకుంది. ఎప్పుడూ గొంతెండేదాకా నీళ్ళు తాగని మనిషి బల్ల మీద సీసా పెట్టుకుంది. ఒక్క శనగగింజ దగ్గరే ఆగలేకపోయింది. నెలల పని వారాల్లో అవ్వాలని, రోజూ కుంకుడుకాయంత రాసింది. నోటి చుట్టూ, కళ్ళ కిందా పొట్టు లేచింది. ఆయన చూసి కంగారుపడ్డాడట. "అత్తయ్యా, ముఖం కాలిందా? మీ అమ్మాయితో ఎన్నిసార్లు చెప్పాను, ఇస్త్రీ పెట్టె అక్కడ పెట్టొద్దని. రానివ్వండి దాన్ని," అన్నాడట.

"కోప్పడ్డారు నా మీద," అంది పిన్ని. నా ముందు కూర్చుని, నా మీద అని చెబుతోంది. ఆయన కోప్పడింది ఇంట్లో లేని పిల్ల మీద. పిన్నికి ఇద్దరూ ఒకటే, ఆయనకి కారు.

పొట్టు తగ్గాక నిజానికి ముఖం కొంచెం తేటపడింది. నున్నబడింది కూడా. కానీ అరవైఏళ్ళ ముఖం తేటపడితే తేటపడ్డ అరవైఏళ్ళ ముఖం అవుతుంది, పాతిక అవ్వదు. ఈ ముక్క నాకు ముందే తెలుసు. పిన్నికీ తెలుసనే అనుకుంటాను.

నెలాఖరు దగ్గరపడింది. మిగిలింది కోడిగుడ్డు. తెల్లసొన పలచగా పూసి ఆరనిస్తే చర్మం బిగుసుకుంటుంది, ముడతలు కాసేపు లోపలికి పోతాయి. గంటో, గంటన్నరో. మాట్లాడకూడదు, నవ్వకూడదు, పగిలిపోతుంది. ఆ గంటలో ఆయన ఒక్కసారి ఏమే అంటే చాలు, దారి దొరుకుతుందని పిన్ని ఆశ. దింపుడుకళ్ళం ఆశ. శనివారం పని అయ్యాక నేను వాళ్ళింటికి వెళ్ళాను. సైకిల్ షాపు మీద రెండు గదులు. ముందుగదిలో కిటికీ పక్కన కుర్చీ, కుర్చీలో ఆయన. పుండు వాసన మెట్ల దగ్గరికే వచ్చింది. నన్ను చూసి "ఎక్కడికమ్మా?" అన్నాడు. "ఇక్కడిదాకానే బాబాయ్," అన్నాను. తల ఊపి, వేళ్ళతో టికెట్ చింపి ఇచ్చాడు. పుచ్చుకున్నాను.

లోపల పిన్ని జుట్టుకి నల్లరంగు వేశాను. ముఖానికి తెల్లసొన పూసి, అట్టముక్కతో విసిరాను. ట్రంకుపెట్టెలోంచి పెళ్ళయిన కొత్తలోని నీలంరంగు చీరా జాకెట్టూ తీసి కట్టుకుంది, జాకెట్టు ఒంటికి పట్టలేదు, వెనక పిన్నీసులు పెట్టాను. కళ్ళ దగ్గర గీతలు నిజంగానే పోయాయి. అద్దంలో చూసుకుంది, ఏమీ అనలేదు. అనకూడదు కదా. గుమ్మం దగ్గరికి వెళ్ళి నిలబడింది.

ఆయన లేచాడు. చాలాసేపు చూశాడు. ఆయన ముఖంలో ఏదో కదిలింది కూడా.

"అత్తయ్యా," అన్నాడు మెల్లగా, "ఒంట్లో బాగాలేదా? ముఖం అలా బిగుసుకుపోయిందేంటి?" నా వైపు తిరిగాడు. "అమ్మా, కాస్త పట్టుకో. పక్షవాతంలా ఉంది. పడిపోతారేమో."

"నాకేం కాలేదు," అంది పిన్ని. అనగానే నోటి పక్కన తెల్లసొన పెళ్ళలుగా విరిగింది.

వంటింట్లో సింకు దగ్గరికి వెళ్ళి వేడినీళ్ళ కుళాయి తిప్పబోతే నేనే ఆపాను. వేడినీళ్ళు తగిలితే గుడ్డు ఉడుకుతుంది. చన్నీళ్ళతో కడుక్కుంది. నాకు పట్టరాని కోపం వచ్చింది. ఎవరి మీద చూపించాలో తెలియక ఖాళీ రంగు సీసాని చెత్తబుట్టలోకి విసిరికొట్టాను.

"ఏడవొచ్చు కదా పిన్నీ," అన్నాను.

"రావట్లేదమ్మాయ్. లోపల కూడా వేళ్ళకి లాగే అయింది. తాకితే ఏదో తగులుతోందని తెలుస్తోంది గానీ, వేడో చల్లో తెలియట్లేదు," అంది. ముఖం తుడుచుకుని, మిగిలిన పచ్చసొన పారెయ్యడమెందుకని రొట్టె పిండిలో కలిపి, కాల్చి ఆయనకి పెట్టింది. అల్లుడుగారు అత్తగారి చేతి వంట బాగుందన్నాడు.

మర్నాడు ఆదివారం మరిది వచ్చాడు. హోంలో మంచం ఖాళీ అయిందట. సోమవారం తీసుకెళ్ళాలంటే ముందు ఒళ్ళు శుభ్రం చెయ్యాలి, ఆ వాసనతో వాళ్ళు చేర్చుకోరు. నేను ఆ రోజు లేను. జరిగింది తర్వాత పిన్ని పక్కదుప్పట్లు ఇస్త్రీ చేస్తూ నాకు చెప్పింది, దుప్పటి ఒక కొస నేను పట్టుకున్నాను.

మరిది అన్నగారిని రెక్క పుచ్చుకుని స్నానాల గదిలోకి లాక్కెళ్ళాడు. పెద్దాయన గింజుకున్నాడు. ఇద్దరూ తడిశారు. బకెట్ బోర్లాపడింది. పిన్ని తలుపు బయట నిలబడింది, అత్తగారు లోపలికి రాకూడదు కదా. మరిది ఎలాగో తల మీద షాంపూ గుమ్మరించాడు. నురగ కళ్ళల్లోకి దిగింది. పెద్దాయన కళ్ళు గట్టిగా మూసుకుని, బస్సంతా దద్దరిల్లే గొంతుతో అరిచాడు:

"ఏమే! ఎక్కడ చచ్చావే? కళ్ళు మండుతున్నాయే!"

"ఇదిగో, ఇక్కడే ఉన్నా," అంది పిన్ని తలుపు బయటి నుంచి. ఆలోచించి అన్నది కాదట, నోట్లోంచి వచ్చేసిందట.

ఆయన గింజుకోవడం మానేశాడు. "రావే," అన్నాడు.

మరిది తలుపు తీసి వదిన ముఖంలోకి చూశాడు. మగ్గు ఆవిడ చేతికిచ్చి, తడిబట్టలతోనే బయటికి వచ్చేశాడు. పిన్ని లోపలికి వెళ్ళింది. నురగ కడిగెయ్యలేదు. ఇంకొంచెం రాసింది. ఆయన కళ్ళు మూసుకుని బుద్ధిగా పీట మీద కూర్చున్నాడు. ఒళ్ళు రుద్దింది, పుండు కడిగింది, మందు రాసింది. ఇన్నాళ్ళూ కనబడని పెళ్ళాంతో ఆయన మాట్లాడుతూనే ఉన్నాడు.

"ఎక్కడికి పోయావే ఇన్నాళ్ళూ?"

"పనికండీ."

"మీ అమ్మ వచ్చి కూర్చుందే. ఎన్నాళ్ళుంటుందేమిటి? కాలు చాపుకుందామంటే లేదు, బిస్కెట్ తిందామంటే లేదు. ప్రాణం తీస్తోందనుకో."

"పంపించేస్తాలెండి."

"నేనన్నానని చెప్పకు."

"చెప్పను."

ఇది చెబుతూ పిన్ని దుప్పటి అంచు సరిచేసింది. "నవ్వొచ్చిందా పిన్నీ?" అని అడిగాను. నాకు ఆపుకోలేనంత నవ్వొస్తోంది, కళ్ళల్లో నీళ్ళూ తిరుగుతున్నాయి.

"రావాలి కదా," అంది.

ముఖం మీద నీళ్ళు పోసి, తువ్వాలు చేతికిచ్చిందట. ఆయన తువ్వాలుతో కళ్ళు తుడుచుకుని తెరిచాడు. ఎదురుగా అత్తగారు! గావుకేక పెట్టి ఆ తువ్వాలే ఒంటికి చుట్టుకున్నాడు. సిగ్గుతో ఆ పూటంతా తలెత్తలేదు. అప్పటి నుంచి పిన్ని ఆ తప్పు చెయ్యట్లేదు. తువ్వాలు చేతిలో పెట్టి, ఆయన కళ్ళు తెరిచేలోపు బయటికి వచ్చేస్తుంది.

మరిది సోమవారం రాలేదు. "ఆ మంచం ఇంకెవరికైనా ఇచ్చెయ్యమన్నాను వదినా," అని ఫోన్ చేశాడు. పుండు మానడం మొదలుపెట్టింది. ఇప్పుడు రోజూ పనికి వచ్చే ముందు, తలుపవతల నుంచి అత్తగారి గొంతు పెట్టి "అల్లుడుగారూ, నీళ్ళు తోడాను, అమ్మాయి వచ్చే వేళయింది" అంటుంది. ఆ మాట వింటే చాలు, ఆయనే లేచి వెళ్ళి చొక్కా విప్పుకుంటాడు. తల తడిశాక "కళ్ళు మూసుకోండి" అంటూ పెళ్ళాం లోపలికి వెళుతుంది. సబ్బు నురగ ఉన్నంతసేపు ఉంటుంది, కడిగేలోపు వచ్చేస్తుంది. రాత్రిళ్ళు మాత్రం ఇంకా కుర్చీలోనే. దానికి మందు దొరకలేదు. మెత్తటి దిండు కుట్టి వేసింది.

రాత్రిపూట క్రీము డబ్బా నాకిచ్చేసింది. "నువ్వు రాసుకో. శనగగింజంతే. నీకింకా తడుంది," అంది. ఎండ క్రీము మాత్రం తనే ఉంచుకుంది, అలవాటైందట. జుట్టుకి మళ్ళీ రంగు వెయ్యలేదు, నలుపు కిందనుంచి తెలుపు పెరుగుతూ వస్తోంది. నాకా ముఖం చూస్తే ఇప్పటికీ కోపం వస్తుంది. అన్యాయమనిపిస్తుంది. ఆవిడకేమనిపిస్తుందో అడిగితే, "ఏమో," అంటుంది, పెట్టె కాగిందో లేదో చెప్పినట్టు.

మొన్న ఒక సాయంత్రం బట్టల మూట ఒకటి ఇవ్వాల్సి ఉండి వాళ్ళింటికి వెళ్ళాను. ఇద్దరూ ముందుగదిలో ఉన్నారు. ఆయన శుభ్రంగా తల దువ్వుకుని, గంజిపెట్టిన చొక్కాతో కిటికీ పక్కన. పిన్ని ఎదురుగా ముక్కాలిపీట మీద బీన్స్ నారలు తీస్తోంది. కిటికీ వెలుగు తిన్నగా ఆవిడ ముఖం మీద పడుతోంది, ఒక్క గీత కూడా దాగట్లేదు. ఆయన అదే పనిగా చూస్తున్నాడు. నేను మెట్ల మీద ఆగిపోయాను.

"మీ అమ్మాయి పొద్దున వచ్చి వెళ్ళింది అత్తయ్యా," అన్నాడు. "తలరుద్ది వెళ్ళింది. ఒక్క క్షణం నిలబడదు. ముఖమైనా చూడనివ్వదు."

"పనుంటుంది కదండీ," అంది పిన్ని.

"అవుననుకోండి." అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, అత్తగారితో అనొచ్చో అనకూడదో అన్నట్టు నసిగాడు. "మీరేమీ అనుకోకపోతే ఒక మాట. అందరూ అంటుంటారు, అది అచ్చం మీ పోలికేనని. ముసలిదయ్యాక ఇలాగే ఉంటుంది కదూ? ఈ కళ్ళ పక్క గీతలు, నోటి పక్కన ఇవీ... బాగుంటుంది. అప్పటిదాకా ఉండి, ఒక్కసారి దాన్నలా చూడాలనుందత్తయ్యా."

పిన్ని చేతిలో బీన్స్ అలాగే ఉండిపోయింది.

"చూస్తారు లెండి," అంది.